ఇనుప మామిడిపిందె

బిందెలో నీళ్లు అడుగంటుతున్నాయి. చెంబుతో ముంచి గోడ మీద కొడుతున్నాను. తగిలిన చోటల్లా సిమెంటు నల్లబడి, చూస్తుండగానే మళ్లీ బూడిదరంగుకు తిరుగుతోంది.

“అట్ల కాదు రెడ్డెమ్మా, పైన కొట్టు. కింద కొడితే కిందనే పోతాది. పైన కొడితే అదే దిగొస్తాది,” అంది కుప్పమ్మవ్వ. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నా చేతిలో చెంబు లాక్కుని, తనే కొట్టి చూపించింది. సగం నీళ్లు ఆమె మీదే పడ్డాయి.

“నువ్వు తానం చేస్తాండావా, గోడకు చేపిస్తాండావా అవ్వా?”

“రెండూనూ. ఓనర్లంతా ముసుగుదన్ని పండుకోనుండారు. బాడుగోళ్లకు యాల పట్టిందో ఈ గోడ మీద ప్రేమ!” అని నవ్వింది.

అది రెండువేల రెండో సంవత్సరం ఎండాకాలం. మదనపల్లె బయట మా మారుతీనగర్‌లో కాలనీ వాళ్లంతా కలిసి కమ్యూనిటీ హాలు కట్టుకుంటున్నారు. పూత పని అయిపోయినరోజు మేస్త్రి, గోడలకు రెండు పూటలా నీళ్లు పట్టాలని చెబితే మీటింగులో మగవాళ్లంతా తల ఊపారు. తెల్లారి బిందెలు పట్టుకుని వచ్చింది మేమిద్దరమే. నేను రాక తప్పదు. మా మామ నారాయణస్వామి ఆ కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. కుప్పమ్మవ్వను ఎవరూ రమ్మనలేదు. కొడుకు సిద్దప్పతో కలిసి మా ఎదురింట్లో బాడుగకు ఉండేది. సొంత ఇల్లున్న వాళ్లకే సంఘంలో ఓటు. పనికి మాత్రం ఎవరూ ఆమెను కాదనలేదు.

సిద్దప్పదీ అదే కథ. ఊర్లో గ్రిల్లులు, గేట్లు చేసే షెడ్డులో పని ఆయనకు. హాలు ముందరి గేటు ఆదివారాలు కూర్చుని ఆయనే చేశాడు. కూలి తీసుకోలేదు. తాళం బిగించినరోజు రెండు తాళంచెవులనూ ఒకే రింగుకు ఎక్కించి, దానికి ఒక ఇనుపరేకు ముక్క తగిలించి మామకు ఇచ్చాడు. రేకును మామిడిపిందె ఆకారంలో కత్తిరించి, అంచులు చేతికి గీసుకోకుండా అరగదీశాడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏందప్పా ఇది, తాళంచెవికి జుంకీ తొడిగినావు?”

“మా యమ్మ చెప్పిందప్పా. చిన్నది, ప్రెసిడెంటు యాడన్నా పారేసుకుంటాడు, బరువుగా ఏదన్నా కట్టు అనె.”

మామ పెద్దగా నవ్వాడు. దాన్ని మా ముందరింట్లో, అంటే వీధి వైపు గదిలో, తలుపు పక్కనున్న మేకుకు తగిలించాడు.

మామ అంటే నాకు అంతవరకు గొప్ప గౌరవం. సదుం పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చినప్పుడు, ప్రెసిడెంటు కోడలంటే లోలోపల గర్వంగా కూడా ఉండేది. తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కంపచెట్ల మధ్య రాళ్లు పాతి ఉన్న లేఔటును కాలనీగా చేసింది ఆయనే. ఏ వీధిలైటు ఎప్పుడు మాడిపోయిందో ఆయనకు తెలుసు. సాయంత్రం పార్కులో తిరుగుతూ, జనం పారేసిన కవర్లు వంగి వంగి ఏరేవాడు. మా ఆయన బెంగళూరులో పనిచేస్తూ నెలకొకసారి వచ్చేవాడు. ఆయన లేని లోటు ఆ ఇంట్లో నాకు పెద్దగా తెలిసేది కాదంటే మామ మంచితనం వల్లే.

ఆ ఎండల్లోనే మా ఆడపడుచు నందినికి కుప్పం సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకోవడానికి రోజు పెట్టుకున్నారు. కొత్త హాలులోనే చేద్దామంది అత్త. సంఘం మీటింగులో మామ ఆ మాట చెబుతూ, కొత్త కట్టడంలో మొదట శుభకార్యం జరగాలి, ఆ తర్వాత ఎవరి అవసరానికి వాళ్లు వాడుకోవచ్చు అన్నాడు. అందరూ సరేనన్నారు. గుమ్మం బయట కూర్చుని వింటున్న కుప్పమ్మవ్వ అందరికంటే ముందు అంది:

“అట్లనే గదప్పా సేయల్ల! నేను నీళ్లు పోసి పెంచిన బిల్డింగు. ముందర మా నందినమ్మనే కూసోబెట్టల్ల. నేనే ముందు వరసలో కూసోని తింటా సూడు!”

హాలుకు సున్నం వేయడం అయిపోయిన వారంలోనే ఆమె చనిపోయింది. పొద్దున్నే కొళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఆమె దాని పక్కనే ఒరిగి ఉంది. సిద్దప్ప ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. అప్పటికే ప్రాణం పోయిందని చెబితే, అదే ఆటోలో తిరిగి తెచ్చాడు.

వాళ్ల ఇంటి యజమాని నరసింహులు ఇంటి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, నేల చూస్తూ మాట్లాడాడు.

“ఏమనుకోవద్దు సిద్దప్పా. కొత్తిల్లు. గృహప్రవేశమయ్యి ఏడాది గూడా కాలే. మా ఆడోళ్లు ఒప్పుకోరు. మీ వూరికి ఎత్తకపోకూడదా?”

“వూర్లో ఏముందప్పా? ఇల్లెప్పుడో అమ్మేస్తిమి. గంగవరం నుంచి మా అక్కోళ్లు రావల్ల. వాళ్లు వచ్చేదాకా ఒక్క పూట...”

నరసింహులు పక్కకు జరగలేదు. సిద్దప్ప గొడవ పడలేదు. తల్లిని చాప మీద వీధిలో, హాలు ఎదురుగా పడుకోబెట్టి మా ఇంటికి వచ్చాడు. మెట్ల కిందే ఆగిపోయాడు, మైల కదా అని.

“ప్రెసిడెంటప్పా, హాలు తాళం తీపిస్తావా? సాయంత్రానికి ఎత్తేస్తాము. నేనే కడిగి ఇస్తా.”

మామ వరండాలో నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. చెయ్యి తలుపు వైపు కొంచెం లేచింది కూడా. నేను చూశాను. ఇంతలో లోపలి నుంచి అత్త గొంతు వినబడింది.

“తాళంచెవి మన దగ్గర యాడుండాది? సెక్రెట్రీ ఎల్లప్ప తీసకపోయె గదా! ఆయప్ప కూతురింటికి పుంగనూరు పోయిండాడు.”

నేను తలుపు పక్కనే ఉన్నాను. మేకుకు ఇనుప మామిడిపిందె వేలాడుతోంది. నా భుజానికి జానెడు దూరం కూడా లేదు.

మామ భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడమే జవాబైంది.

“పుంగనూరే గదా,” అన్నాడు సిద్దప్ప. “పోయొస్తా.”

మామ ఉలిక్కిపడ్డాడు. “యాల అంత దూరం... ఈ ఎండలో...”

“ఎంతసేపప్పా. మోపెడ్డు ఇప్పించుకోని పోతా. మా యమ్మను కొంచెం సూస్తా ఉండండి.”

ఆయన పోతాడని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. తాళంచెవి లేదంటే ఊరుకుంటాడు, వేరే ఏదో చూసుకుంటాడు అనుకున్నారు. మోపెడ్డు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురమూ అట్లాగే నిలబడ్డాము. తర్వాత అత్త ముందరింట్లోకి వచ్చి, తాళంచెవి తీసి, ఎదురు గోడకున్న క్యాలెండరు మేకుకు తగిలించి, క్యాలెండరును దాని మీదికి జార్చింది.

“ఆయమ్మే గదా అనింది, ముందర నందినిని కూసోబెట్టల్లని,” అంది, ఎవరి వైపూ చూడకుండా. “కుప్పం మగపెళ్లోళ్లకు తెలిస్తే ఏమనుకుంటారు? పీనుగును పెట్టిన కాడ తాంబూలాలంటే వాళ్లు వస్తారా?”

నందిని గది తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలికి పోయి తలుపేసుకుంది.

మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి మబ్బు పట్టింది. గాలి లేచింది. మామిడికాయలు రాలగొట్టే వాన, వడగళ్లతో సహా. పొద్దున వీధిలో వేసిన షామియానా గుడ్డ ఒక పక్క కుంగి నీళ్లు కుండపోతగా కిందికి దిగాయి. జనమంతా పరుగెత్తి హాలు సన్‌షేడు కింద, తాళం వేసిన గేటుకు ఆనుకుని నిలబడ్డారు. చాప మీద కుప్పమ్మవ్వ ఒక్కతే మిగిలింది. ఎవరో ఎరువుల సంచులు కుట్టిన పట్ట తెచ్చి కప్పారు.

అప్పుడు మామ ఇంట్లోకి వచ్చి గొడుగు తీసుకుని వానలోకి పోయాడు. ఆమె తల దగ్గర నిలబడి, ముఖం మీద చినుకు పడకుండా పట్టుకున్నాడు. వడగళ్లు గొడుగు మీద టపటపా రాలుతున్నాయి. ఆయన వీపంతా తడిసిపోయింది. ఎంత పిలిచినా పక్కకు రాలేదు.

“ప్రెసిడెంటంటే ఇట్లుండల్లప్పా,” అన్నాడు సన్‌షేడు కింద నుంచి నరసింహులు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు.

నేను వరండాలో నుంచి ఆ మాట విన్నాను. మామ కూడా విన్నట్టున్నాడు. గొడుగు కిందికి దించి తన ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అదే సమయంలో మా ఇంట్లో ఫోను మోగింది. నేనే ఎత్తాను.

“ఎవురమ్మా, రెడ్డెమ్మా? నేను ఎల్లప్పను, పుంగనూరు నుంచి. మామను పిలువు. ఈ సిద్దప్ప ఈడికొచ్చిండాడు. బయట నిలబడి వొణకతాండాడు. తాళంచెవి ఇయ్యమంటాండాడు. నా దగ్గర యాడిదమ్మా? దాన్ని నేను కండ్ల సూసిందే తాళం బిగించిన పొద్దు ఒక్కసారి!”

అత్త నా ముఖం చూసి అర్థం చేసుకుంది. వీధిలోకి పోయి గొడుగు తను పట్టుకుని మామను పంపింది. మామ వచ్చి ఫోను అందుకున్నాడు. ఆయన బట్టల నుంచి నీళ్లు కారి ఫోను బల్ల కింద మడుగు కట్టాయి. చాలాసేపు అవతలి మాటలు వింటూ ఉన్నాడు.

“ఎల్లప్పా,” అన్నాడు చివరికి. “నువ్వే పోగొట్టుకుంటివని చెప్పు.”

అవతల ఏమన్నాడో నాకు వినబడలేదు.

“నా మానం కాపాడప్పా,” అని ఫోను పెట్టేశాడు. వెనక్కి తిరిగితే నేను. తల తుడుచుకునే వంకతో తువ్వాలు ముఖం మీద వేసుకుని అట్లాగే నిలబడ్డాడు.

వాన వెలిశాక సిద్దప్ప వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. నేరుగా మామ దగ్గరికి వచ్చి, తనే ఓదార్పుగా చెప్పాడు.

“పాపమప్పా ఎల్లప్పన్న. యాడో పారేసుకున్నాడంట. నాకు మొగం సూపించలేకపోయినాడు. నువ్వేమనొద్దప్పా ఆయన్ను.”

నరసింహులు అందుకున్నాడు. వీధిలో పడి ఉన్న శవాన్ని చూసి చూసి ఆయనకూ లోపల ఏదో నలుగుతున్నట్టుంది. “ఇంగ యాల, పగలగొడదాం పదండి! ఎంతసేపు, రెండు దెబ్బలు!”

“వొద్దప్పా,” అన్నాడు సిద్దప్ప. “అమ్మ నీళ్లు పట్టిన బిల్డింగు. దాని తాళం పగలగొట్టి లోపల పండుకోబెడితే, ఆయమ్మ లేసి కూసోని నన్ను తిడతాది.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే పట్ట మీది వడగళ్లను రెండు చేతులతో పక్కకు తోశాడు. గంగవరం నుంచి బంధువులు వచ్చాక, చీకటి పడకముందే ఎత్తుకుపోయారు.

ఆ పూట మేము అన్నం తింటుంటే ముందరింట్లో చప్పుడైంది. టక్కు. కాసేపాగి మళ్లీ టక్కు. ఫ్యాను గాలికి క్యాలెండరు లేచినప్పుడల్లా మామిడిపిందె గోడకు తగులుతోంది. అందరమూ కంచాల్లో చేతులు ఆపాము. నందిని లేచి చెయ్యి కడుక్కుంది. అత్త పోయి ఫ్యాను తగ్గించి వచ్చింది.

“ఇంగ ఫ్యాను రెండు మీదనే పెట్టండి. ఎక్కువ పెడితే క్యాలెండరు చినిగిపోతాది,” అంది.

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఫ్యాను రెండు మీదే తిరిగింది. ఉక్కకు చొక్కాలు వీపులకు అంటుకుపోయేవి. ఎవరూ లేచి పెంచేవారు కాదు.

ఎల్లప్ప ఊరి నుంచి వచ్చాక కాలనీలో ఆయనొక వేళాకోళమైపోయాడు. పార్కు బెంచీ మీద కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు “ఎల్లప్పా, సెప్పులు ఉండాయా సూసుకో!” అనేవారు. “సెక్రెట్రీ చేతికి సంఘం సీలు గూడా ఇయ్యొద్దండప్పా,” అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒకరోజు మా వరండాలోకి వచ్చి, చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

“దొరికిందని చెప్పేస్తే సరిపోయె గదన్నా,” అంది అత్త, నెమ్మదిగా. “తాంబూలాలు దగ్గర పడినాయి. హాలు కడగల్ల, ముగ్గులు పెట్టల్ల.”

“నేను చెప్పనమ్మా. ఆ సిద్దప్ప నా ఎదురుగా వానలో నిలబడి, ‘పోతే పోనీలేన్నా, నువ్వేడవద్దు’ అనె. ఆ మొగంతో మళ్లా దొరికిందని చెప్పమంటావా? ఒక్క అబద్ధం ఆడితి మీకోసం. ఇంగోటి నాచేత కాదు.” మామ వైపు తిరిగాడు. “నువ్వే చెప్పుకో స్వామీ. నీ మేకుకే ఉండాదని.”

మామ చెప్పలేదు. మీటింగులో, తాళంచెవి దొరకలేదు కాబట్టి తాళం కోయించక తప్పదన్నాడు. నిక్షేపంగా ఉన్న తాళం, నిక్షేపంగా ఉన్న తాళంచెవి. ఆ మాట చెప్పి వచ్చినరోజు ఆయన భోజనానికి కూర్చోలేదు. పార్కుకు పోవడం కూడా మానేశాడు. పార్కులో కవర్లు ఎగురుతూ కంపకు చిక్కుకుంటుంటే వరండాలో నుంచే చూసేవాడు.

కోసే మనిషిని వెతకాల్సిన పని రాలేదు. సిద్దప్ప తనే చెప్పి పంపాడు: వేరే ఎవరినో పిలిస్తే గేటంతా గీకి పాడుచేస్తారు, నేనే వచ్చి కోస్తాను, అమ్మ పెద్దదినం కర్మ కూడా అయిపోయింది కదా అని.

తాంబూలాలకు రెండు రోజుల ముందు పొద్దున వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు నూగుగా మొలుస్తున్నాయి. భుజానికి గోనెసంచి, అందులో రంపం. మామ పూజలో ఉన్నాడు. అత్త వంటింట్లో ఉంది.

“లోపలికి రా సిద్దప్పన్నా. మామ వస్తాడు,” అన్నాను.

“ఈడనే కూసుంటాలేమ్మా,” అన్నాడు గానీ, ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి లోపలికి వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. సరిగ్గా క్యాలెండరు పక్కన. నేను కాఫీ తెచ్చి ఇచ్చాను.

“నందినమ్మ బాగుండాదా? మా యమ్మ ఉంటే ఈపొద్దు పొద్దున్నుంచీ ఈడనే ఉంటాండె. ముగ్గులేసేదానికి రంగులు గూడా కొని పెట్టింది. డబ్బాలో ఉండాయి. ఇచ్చి పంపిస్తా.”

ఆయన నుదుటి మీద చెమట కాఫీ గ్లాసులోకి జారేలా ఉంది. భుజంతో తుడుచుకున్నాడు. పైన ఫ్యాను రెండు మీద, లెక్కబెట్టగలిగేంత నిదానంగా తిరుగుతోంది. వంటింట్లో తిరగమాత చిటపటమంటోంది. ఇంకాసేపట్లో ఈ మనిషి ఎండలో గేటు ముందు గొంతుకూర్చుని, తను చేసిన గేటుకు తనే బిగించిన తాళాన్ని కోస్తాడు. కాలనీ అంతా చూస్తుంది. మామ పక్కన నిలబడి, నిదానంగా కోయప్పా అంటాడు.

నేను గోడ దగ్గరికి పోయి రెగ్యులేటరును ఐదు మీద పెట్టాను.

ఫ్యాను గిర్రుమంది. క్యాలెండరు అంచు వణికింది, లేచింది. టక్కు.

సిద్దప్ప తల తిప్పాడు. క్యాలెండరు మళ్లీ వాలింది. మళ్లీ లేచింది. తన చేత్తో అంచులు అరగదీసిన ఇనుప మామిడిపిందె, రింగుకు రెండు తాళంచెవులు. టక్కు. చూస్తూనే ఉండిపోయాడు.

అత్త వంటింట్లో నుంచి గరిటెతో పరుగున వచ్చి గుమ్మంలో ఆగింది. విభూతి పెట్టుకుంటూ మామ దేవుడి గదిలో నుంచి బయటికి వచ్చి, “వస్తివా సిద్దప్పా...” అని, ఆ మాట పూర్తి చేయకుండానే గోడ వైపు చూశాడు.

ఎవరూ ఫ్యాను తగ్గించలేదు.

తప్పు చేసినవాళ్ల తల దిగుతుందనుకున్నాను నేను. మామ తల దిగలేదు. ఆయన బొమ్మలా గోడనే చూస్తున్నాడు. తల దించుకున్నది సిద్దప్ప. ఒకరి ఇంట్లో చూడరానిది చూసినవాడిలాగా, మేము బట్టలు మార్చుకుంటుంటే పొరపాటున తలుపు తోసినవాడిలాగా, చెవుల దాకా ఎర్రబడి తల దించుకున్నాడు. ఆ సిగ్గు మాది. దాన్ని కూడా ఆయన మీదే వేశాను.

సగం తాగిన కాఫీ గ్లాసును చప్పుడు కాకుండా కింద పెట్టాడు. గోనెసంచి భుజాన వేసుకున్నాడు. మామ పక్కనుంచి పోతున్నప్పుడు తగలకుండా ఒక పక్కకు ఒదిగాడు. మెట్ల మీద చెప్పులు తొడుక్కుని, గేటు తీసి, బయట నిలబడి, గొళ్లెం మోగకుండా వేలు అడ్డం పెట్టి మెల్లిగా వేసి, వెళ్లిపోయాడు.